మోత ఆపిన చెయ్యి

పోయిన ఆనందరావు గారి కోసం పెట్టిన ఆదరణ కూడికకి ఇంకా గంట టైముంది. బందరులో వాళ్లింటి ముందు షామియానా కింద, ఆయన సొంతంగా కట్టుకున్న ఆంప్లిఫయరు బల్లమీద గుయ్యిమంటోంది. ఆయన పాడిన పాట ఒకటి ఫోన్లో ఉంది. అది ఈ డబ్బాలోంచే వినాలని ఆయన భార్య కృపావతి గారి పట్టు. పెట్టి చూస్తే మోతలో గొంతు మునిగిపోతోంది.

ఆనందరావు గారి స్నేహితుడు పున్నారావు చెప్పులు విడిచి, ఇనప డబ్బా మీద అరచెయ్యి ఆనించాడు. మోత ఆగింది.

"కంగారుపడకు చెల్లెమ్మా. కూడిక అయ్యేదాకా ఇలాగే నిలబడతాను."

ఆవిడ లోపలికి వెళ్లారు. పున్నారావు అప్పటికే వచ్చి కూర్చున్న జనం వైపు తిరిగాడు.

"కట్టినప్పట్నించీ దీని రోగం ఇదేనండీ. మా బావ కెపాసిటర్లు మార్చాడు, ట్రాన్స్‌ఫార్మరు అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, ఏం లాభం? నేను టీ తాగడానికొచ్చి ఊరికే ఇలా చెయ్యేశాను. గప్‌చుప్! 'బావా, నీ చేతిలో ఏదో ఉంది' అన్నాడు. నేనన్లా, ఆయనన్నాడు."

"అది మాకు తెలిసిందేగా" అన్నారు పక్కింటి ఇమామ్ సాహెబ్.

"మీకు తెలిసింది అంతవరకేనండీ. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గుడివాడలో సభ. అక్కడ చెయ్యేస్తే, డబ్బాతోపాటు వీధిలో స్తంభం మీద ట్రాన్స్‌ఫార్మరు కూడా నోరు మూసుకుంది. కరెంటు పోలేదండోయ్, బల్బులు వెలుగుతూనే ఉన్నాయి! లైన్‌మన్ పరిగెత్తుకొచ్చి 'చెయ్యి తీయండి సార్, నా ఉద్యోగం పోతుంది' అని బతిమాలాడు. పెడనలో అయితే వీధిలో మగ్గాలన్నీ చప్పుడు మానేశాయి. నేత సాగుతోంది, చీర దిగుతోంది, చప్పుడు మాత్రం లేదు. ఆ చప్పుడుకి అలవాటుపడ్డ చంటిపిల్లలంతా లేచి ఒకటే ఏడుపు."

"ఏడుపు మాత్రం వినబడిందేం?" అడిగారు సాహెబ్.

"చెయ్యి సగం ఎత్తాను కదండీ."

ఆ ముఖంలో నవ్వన్నది లేదు. వినేవాళ్లు కూడా చావింట్లో నవ్వకూడదని బిగబట్టుకున్నారు.

"దివిసీమ సంగతి చెప్తే నమ్మరు."

"ఇప్పటిదాకా నమ్మామా ఏంటి?" అన్నారు సాహెబ్.

"కోడూరు అవతల, సముద్రం పక్కన ప్రార్థన. తుఫాను గాలి, అలల హోరు, మైకులో వాక్యం వినబడదు, జనం లేచిపోతున్నారు. మా బావ నా వంక చూశాడు. రెండు చేతులూ పెట్టాను. అలలు లేస్తున్నాయి, పడుతున్నాయి, హోరు లేదు! ఒడ్డున పీత నడిస్తే కాళ్ల చప్పుడు వినబడిందండీ."

"సముద్రాన్ని ఆపింది మీ ప్రభువని విన్నానే?"

"ఆయన గద్దించి ఆపాడు సాహెబ్ గారూ. గద్దించడానికి నేనెంతవాణ్ణి? చెయ్యి పెట్టానంతే. ఈ చెయ్యే లేకపోతే మా బావ గొంతు ఎవరూ వినేవాళ్లు కాదు. ఇవాళైనా అంతే."

కృపావతి గారు స్క్రూడ్రైవరు, ఒక వైరు ముక్క పట్టుకొచ్చారు. ఒక కొస డబ్బాకి బిగించారు. రెండో కొస పక్కనున్న బోరింగు పైపుకి చుట్టారు.

"చెయ్యి తీయండి అన్నయ్య గారూ."

పున్నారావు చెయ్యి తీశాడు. మోత రాలేదు.

"దీనికి ఎర్త్ లేదండీ. మీరు చెయ్యేస్తే మీరే ఎర్త్ వైరు. అంతకుమించి ఏం లేదు. ఆయనకి మొదట్నించీ తెలుసు."

"తెలిస్తే బిగించలేదే?" పున్నారావు తన అరచెయ్యి చూసుకున్నాడు.

"నేనూ అడిగాను. 'బిగిస్తే పున్నారావు ఇంక దేనికొస్తాడే' అన్నారు. ఆయన మాట కాదనలేక ఇన్నాళ్లూ ఊరుకున్నాను. ఇవాళ మీరు నిలబడొద్దు. ముందు వరసలో కూర్చుని ఆయన పాట వినండి."

ఆవిడ పాట పెట్టారు. ఆనందరావు గారి గొంతు ఏ మోతా లేకుండా వచ్చింది. పున్నారావు ముందు కుర్చీలో కూర్చుని, రెండు చేతుల్తో ముఖం కప్పుకుని ఏడ్చాడు.