పైన రాత, కింద చదువు

పైవాటాలో పెద్దకోడలి ముందుగది. నేల మీద ఉతికిన బట్టల కుప్ప. చెరో పక్కన కూర్చుని మడతపెడుతున్న తోడికోడళ్ళు. ఇద్దరూ పిల్లలకి ఇంట్లోనే చదువు చెప్పుకుంటున్నారు. పిల్లలు కిందివాటాలో ఉన్నారు.

“...అదే నేననేది. సోఫాలో కాళ్ళు పైకి పెట్టుకుని పొద్దస్తమానం కథల పుస్తకం పట్టుకుంటే దాన్ని చదువంటారా? దాన్ని పడుకోవడం అంటారు.”

“పడుకుని చదివినా చదువేగా అక్కా.”

“అందుకే నీ కూతురికి పన్నెండేళ్ళొచ్చినా ఒక పేజీ నిండదు. నిన్న మధ్యాహ్నం ‘వాన పడిన రోజు’ గురించి రాయమన్నాను. మీ పిచ్చుక ఏం రాసిందో తెలుసా? వాన వచ్చింది. తడిశాను. అమ్మ తిట్టింది. తల తుడుచుకున్నాను. అంతే! ఆ వానే నయం, కాసేపు పడింది.”

“నవ్వించకు. నేనొచ్చింది దాని సంగతికి కాదు.”

“నవ్వొస్తోందా నీకు? నెల్లాళ్ళ నుంచి దాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని రాయిస్తున్నదాన్ని, నాకు ఏడుపొస్తోంది. పెన్ను పట్టుకుని కిటికీలోంచి చూస్తుంది. ఏం చూస్తున్నావే అంటే ఆలోచిస్తున్నానంటుంది. అంత ఆలోచించి చివరికి తల తుడుచుకుంది. ఆ తువ్వాలు అలా కాదు, మూడు మడతలు పెట్టు. బీరువాలో పట్టదు.”

“పండు గురించి మాట్లాడాలక్కా.”

“నా కొడుకేం చేశాడు? మీ గోడ మీద గీశాడా?”

“లేదు.”

“పిచ్చుకని కొట్టాడా?”

“పండు ఎవరినైనా కొట్టడం ఎప్పుడైనా చూశావా? వాడి చదువు గురించి.”

“చదువు గురించా! నువ్వు, నాకు!”

“పొద్దున పూట నా దగ్గరేగా చదువుతున్నాడు. నేను కాకపోతే ఇంకెవరు చెప్తారు?”

“గడగడా చదువుతున్నాడని మొదటి వారం నువ్వే అన్నావు. మా మరిది కూడా అన్నాడు. ఇప్పుడేమైంది, తగ్గిందా?”

“చదువుతున్నాడు. అదే...”

“మరి ఇంకేం? ఆ తల్లుల వాట్సాప్ గ్రూపులో డాక్టరమ్మ రోజూ పెడుతోందిగా, చదువూ రాతా సమపాళ్ళలో ఉండాలని. సమపాళ్ళట! పిండీ నీళ్ళూ కలుపుతున్నట్టు. తన పిల్లలకి అరగంట చదువు, అరగంట రాత, మధ్యలో పది నిమిషాలు గెంతడం. గెంతడానికి కూడా టైంటేబుల్! ఆవిడ ఆ ఫొటోలు పెట్టడం, నువ్వు కింద చప్పట్లు కొట్టడం.”

“ఆ సమపాళ్ళ గొడవ మనింట్లో మొదలుపెట్టింది నువ్వేగా. పిచ్చుకని మధ్యాహ్నం పైకి పంపు, పండుని పొద్దున కిందకి పంపుతానన్నది ఎవరు?”

“నీ కూతురి మీద జాలేసి అన్నాను.”

“సరే, జాలే. ఇవాళ పొద్దున ఏం జరిగిందో వింటావా? కథల పుస్తకం ఇచ్చాను. నక్కా, కుమ్మరీ కథ. బ్రహ్మాండంగా చదువుతున్నాడు. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతున్నాడు. నక్కకి నక్క గొంతు, కుమ్మరికి కుమ్మరి గొంతు. నేను బీన్స్ తరుగుతూ వింటున్నాను.”

“చూశావా? వాడి ముందు ఎవరైనా దిగదుడుపే.”

“కథ అయిపోయింది. తలెత్తి చూస్తే మొదటి పేజీ మీదే ఉన్నాడు.”

“ఉంటే ఏం?”

“నాలుగు పేజీల కథక్కా. ఒక్క పేజీ తిప్పలేదు.”

“అయితే కంఠతా వచ్చేసిందన్నమాట. వాళ్ళ నాన్న పోలిక. ఆయనకీ అంతే, ఫోన్ నంబర్లన్నీ నోటికే. దీనికింత రాద్ధాంతమా?”

“నేనూ అలాగే అనుకున్నాను. అందుకే ఇంకో పుస్తకం ఇచ్చాను, వాడెప్పుడూ చూడనిది. దాహమన్నాడు. నీళ్ళు తాగొచ్చాడు. గొంతు నొప్పన్నాడు. తర్వాత బాత్రూం. ఆ తర్వాత కళ్ళు మండుతున్నాయన్నాడు.”

“మండవా మరి? నీ ఇంట్లో వెలుతురేది? పగలు కూడా గుహలా ఉంటుంది.”

“కిటికీ పక్కనే కూర్చున్నాడు.”

“అయితే ఎండ పడి ఉంటుంది.”

“అటు గుహా అంటావు, ఇటు ఎండా అంటావు!”

“నువ్వు నన్ను తప్పుపట్టడానికే వచ్చినట్టున్నావు. వాడు రాసినవి ఎప్పుడైనా చూశావా అసలు? ఆ అలమారా తెరువు. పై అర. పుస్తకానికి పుస్తకం, పాఠానికి పాఠం దించేశాడు. ఒక్క కొట్టివేత లేదు. అచ్చేసినట్టుంటుంది. ఈ చుట్టుపక్కల పదేళ్ళవాళ్ళలో అలా రాసేవాణ్ణి ఒక్కణ్ణి చూపించు నాకు.”

“అంతా చూచిరాతేగా.”

“ఏం, చూచిరాత రాత కాదా?”

“చూసి దించడం వేరక్కా. నువ్వు పైకి చెప్తుంటే విని రాయడం ఎప్పుడైనా చేశాడా?”

“అలా రాయిస్తే తప్పులొస్తాయి. ఒకసారి తప్పు చేతికి అలవాటైతే జన్మలో పోదు. నా పద్ధతి నాది.”

“పోనీ సొంతంగా ఒక్క వాక్యం?”

“నీ కూతురు రాసిందిగా సొంతంగా, తల తుడుచుకున్నానని. చాల్లే ఆ సొంతం.”

“దాని రాత బాగోదని నేనే ఒప్పుకుంటున్నాను. ఒప్పుకునే నీ దగ్గరికి పంపాను. నువ్వు మాత్రం నా మాట చెవిన పెట్టవు. ఓ పని చేద్దాం. పండుని ఇప్పుడే పైకి పిలుద్దాం. పుస్తకం కూడా వద్దు. ఇదిగో, ఈ సబ్బుపొడి కవరు మీద ఉన్నది చదవమందాం. రెండు లైన్లు చాలు.”

“నా కొడుకేమన్నా కోతా, పిలిచినప్పుడల్లా వచ్చి ఆడటానికి?”

“రెండు లైన్లక్కా.”

“వద్దన్నానా? సబ్బుపొడి మీద చదివి వాడు ఏం ఉద్ధరించాలి?”

“వచ్చే నెల బావగారు ఓడ దిగి వస్తున్నారు. రాగానే పండుని మళ్ళీ స్కూల్లో వేసేద్దామన్నారట, మీ మరిదికి ఫోన్లో చెప్పారు. స్కూల్లో చేర్చుకునే ముందు ఎదురుగా కూర్చోబెట్టి పైకి చదివిస్తారు. అప్పుడు దాహమంటే ఊరుకుంటారా?”

“ఆయనకేం, ఇంట్లో ఉండేది నెల. ఆ నెలలో ఏదో ఒకటి పీకి పందిరెయ్యాలి. స్కూలట స్కూలు! ఆ స్కూలు సంబడం నేను చూడలేదా? ఆ రెండో తరగతి టీచరమ్మ, పిల్లలకంటే తనే ఎక్కువ ఆవలిస్తుంది. ఆవిడా నా కొడుక్కి వంక పెట్టేది!”

“ఏం వంక పెట్టింది? అప్పుడు కూడా చెప్పలేదు నువ్వు. ఉన్నట్టుండి మాన్పించేశావు.”

“ఏదో అంది. అలాంటి వాళ్ళ మాటలు మోసుకు తిరగడానికి నాకు వేరే పనిలేదా? ఆ దుప్పటి రెండో కొస పట్టుకో. గట్టిగా లాగు. లాగమంటే ఊగుతావేంటి?”

“ఏం అందో గుర్తుందా, లేదా?”

“గుర్తులేదన్నానుగా!”

“అమ్మా! పెద్దమ్మా! కింద గమ్ము అయిపోయింది. పైన ఉందా?”

“అదుగో, వచ్చింది మహా పండితురాలు. సొరుగులో ఉంది, తీసుకెళ్ళు.”

“ఆగు పిచ్చుకా. పండుకి ఆ నక్క కథ ఎలా వచ్చింది?”

“ఏ నక్క?”

“పొద్దున చదివిన నక్క.”

“చదివాడుగా. నీ ముందేగా.”

“నా ముందు కాదు. అంతకుముందు?”

“నాకేం తెలుసు? నాకు గమ్ము కావాలి.”

“పిల్లని నిలబెట్టి పోలీసులా అడుగుతావేంటే? నువ్వు పో అమ్మా, పో.”

“పెద్దమ్మ పొమ్మంటోందమ్మా.”

“నిన్న సాయంత్రం మెట్ల కింద మీరిద్దరూ ఏం చేస్తున్నారు? నీ నక్క గొంతు నాకు వంటింట్లోకి వినిపించింది.”

“ఆడుకుంటున్నాం.”

“ఒళ్ళో పుస్తకం పెట్టుకునా?”

“...చెప్పకూడదు.”

“ఎవరు చెప్పొద్దన్నారు?”

“పండు. చెప్తే ఇంక కిందకి రానన్నాడు. ఒట్టేయించుకున్నాడు.”

“ఇక చాలు. తేలిపోయిందిగా! నీ కూతురు దొంగచాటుగా ముందే కథ నేర్పేసి నా కొడుకు చదువు చెడగొట్టింది. దీంతో కలిస్తే వీడూ ఇంతేనని నేనప్పుడే అనుకున్నాను. బద్ధకం అంటుకుంటుంది, జలుబులాగా.”

“నేను చెడగొట్టలేదు పెద్దమ్మా!”

“నోరు చూడు! తన పేజీ తను నింపుకోలేదు, పైగా ఇంకొకడికి గురువు!”

“చెడగొట్టలేదు! వాడికి చదవడమే రాదు. ఒక్క లైను కూడా రాదు. అక్షరాలు కదులుతున్నాయంటాడు. బొమ్మ వేసినట్టు చూసి వేస్తాడు, అంతే. తను రాసింది కూడా తను చదవలేడు. అమ్మకి తెలిసిపోతుందని ఏడుస్తుంటే నేను చదివి వినిపిస్తున్నాను. నాలుగుసార్లు వింటే మొత్తం వచ్చేస్తుంది వాడికి. నేను చెడగొట్టలేదు.”

“సరే. సరే పిచ్చుకా. ఇక కిందకి వెళ్ళు.”

“నేను చెప్పానని వాడికి చెప్పకండి.”

“చెప్పం. వెళ్ళు. వాణ్ణి ఇప్పుడు పైకి పంపకు.”

“మరి గమ్ము?”

“తీసుకెళ్ళమ్మా.”

“అక్కా, అది వెళ్ళిపోయింది.”

“ఆ దిండు గలేబు ఇటివ్వు.”

“ఇందాకే మడిచావు దాన్ని.”

“మళ్ళీ మడుస్తాను. ఇటివ్వు.”

“అది చిన్నపిల్ల, ఉక్రోషంలో ఏదో అనేసింది. దాని మాట అలా ఉంచు. మనమే నెమ్మదిగా పండుని దగ్గర కూర్చోబెట్టుకుని ఏమిటో చూద్దాం...”

“అక్షరాలు కదులుతున్నాయనే చెప్పాడు ఆ టీచరమ్మకి కూడా. వీడికి అవి కుదురుగా కనబడటం లేదు, ఎవరికైనా చూపించండి, లేకపోతే వీడు చదవలేడు అంది ఆవిడ. క్లాసులో, పిల్లలందరి ముందూ. వాళ్ళు నవ్వారు. వీడు కూడా నవ్వాడు, ఎందుకో తెలియక.”

“అంటే... నీకు ముందే తెలుసా?”

“రాసుకుంటున్నవాణ్ణి చదివి వినిపించమని ఎవరూ అడగరు. అందుకని రాయించాను. మీ బావగారు వీడియో కాల్ చేసినప్పుడల్లా ఆ పేజీలే చూపించాను.”

“తెలిసి తెలిసి నా దగ్గరికెందుకు పంపావక్కా? చదివించకుండా నేనేం చేస్తాననుకున్నావు?”

“నోరు తెరిచి అడగలేక పంపాను. ఇప్పుడు అడుగుతున్నాను, చెప్పు చెల్లీ. ఈ నెల్లాళ్ళలో ఒక్క మాటైనా వాడంతట వాడు చదివాడా?”