బ్లాకుల బాబాయి దయ్యాల పెట్టె

బ్లాకుల బాబాయి నోరు విప్పాడంటే నేను కుట్టు మిషను ఆపేసేవాణ్ణి. నా కొట్టుకీ టీ కొట్టుకీ మధ్య ఒక రేకే అడ్డం, మాటలు ఎలాగూ వినబడతాయి. కానీ ఆయన కోతలు మొహం చూస్తూ వింటేనే బాగుంటాయి. ఆయన కనుబొమలు కూడా అబద్ధాలాడతాయి.

ఒకప్పుడు వారపత్రిక అచ్చేసే ప్రెస్సులో ఆయన బ్లాకులు చేసేవాడు. ఆర్టిస్టు సిరాతో గీసిన బొమ్మని ఫొటో తీసి, జింకు రేకు మీదకి ఎక్కించి, అచ్చుకి సిద్ధం చెయ్యడం ఆయన పని. పత్రిక మూతబడింది, ప్రెస్సు పోయింది, ఆ పేరు మాత్రం ఆయనకి అంటుకుపోయింది. దయ్యాల కథలకి వేసిన అసలు బొమ్మలు పోగెయ్యడం ఆయన పిచ్చి. అసలు బొమ్మంటే అచ్చయిన కాగితం కాదు, ఆర్టిస్టు పెన్నుతో గీసిన అట్ట. వాటిని ట్రంకు పెట్టెలో పెట్టి మంచం కింద దాచాడని అందరికీ తెలుసు. లోపల ఏమున్నాయో మాలో ఎవరమూ చూడలేదు.

ఆ సాయంత్రం బాబాయి ఇస్త్రీ చొక్కాలో దిగాడు. పక్కన భుజానికి సంచి తగిలించుకున్న ఒకమ్మాయి. పుస్తకాల కంపెనీలో పనిచేస్తుందట. పాత దయ్యాల బొమ్మలన్నీ ఏరి, అసలు అట్టలనుంచే తీసి పెద్ద పుస్తకం వేస్తున్నారట. ఆ అమ్మాయి పొద్దున రైలు దిగిందట.

"ముందు ఇంటికెళ్ళి చూసేద్దామా సార్?" అందా అమ్మాయి.

"టీ తాగకుండానా?" అని బాబాయి టీ కొట్టు అక్కవైపు తిరిగాడు. "చెల్లెమ్మా, అమ్మాయికి మంచి టీ. అబ్బాయ్ టైలరూ, నువ్వూ రా. వినాల్సిన సంగతి."

ఆ అమ్మాయి సంచిలోంచి పత్రిక పేజీ ఒకటి తీసి బల్లమీద పరిచింది. సగం తెరిచిన తలుపు, గుమ్మంలో ఒక ఆడమనిషి, నేలదాకా జుట్టు, మొహం ఉండాల్సిన చోట చీకటి. తలుపు అంచు పట్టుకుని ఒక పెద్ద చెయ్యి. ఆ చెయ్యి ఆమెది కాదు. చూడగానే నేను కాస్త వెనక్కి జరిగాను.

"నేను వచ్చిందే దీనికోసం. దీని అసలు మీ దగ్గరుందని ఫోనులో చెప్పారు."

"ఉందా అని అడుగుతావేంటమ్మా!" బాబాయి కాలు మీద కాలేసుకున్నాడు. "అది నా చేతికెలా వచ్చిందో విను. గొడుగు బాగుచేయించడానికి వెళ్తున్నాను, ఆ గొడుగుది వేరే కథ, తర్వాత చెప్తా, దారిలో ఒక పాత కాగితాల కొట్టు. కొట్టువాడు కట్టల మీద కూచుని అన్నం తింటున్నాడు. పళ్ళెం కింద ఒక అట్ట. పళ్ళెం అంచు దాటి ఇంత జుట్టు కనిపించింది. వాడి జుట్టు కాదు, వాడిది బట్టతల. గీసిన జుట్టు. ఒక్కో వెంట్రుకా విడివిడిగా. 'పళ్ళెం ఒక్కసారి ఎత్తు బాబూ' అన్నాను. 'తినేవాడి పళ్ళెం ఎత్తమంటావా' అని కసిరాడు. వాడు తిని, చెయ్యి కడుక్కుని, పళ్ళు కుట్టుకునేదాకా కొయ్యలా నిలబడ్డాను."

"అసలుదేనని ఎలా తెలిసింది?" అందా అమ్మాయి.

"బొటనవేలు పెట్టి మెల్లగా రుద్దాను. అచ్చు సిరా కాగితంలోకి ఇంకిపోతుంది. గీసిన సిరా పైన నిలబడుతుంది, వేలికి తగులుతుంది. తప్పిపోయిన గీతమీద తెల్లరంగు పూత ఉంటుంది. అచ్చులో బొమ్మని ఎంత చిన్నది చెయ్యాలో అంచులో నీలం పెన్సిలుతో రాసి ఉంటుంది, ఆ నీలం కెమెరాకి కనబడదు. అన్నీ ఉన్నాయి."

అమ్మాయి తలూపింది. ఆ ముక్కల్లో కోత లేదని నాకూ తెలిసింది. అందుకే కాబోలు బాబాయికి అక్కణ్ణుంచి రెక్కలొచ్చాయి.

"ఇంటికి తెచ్చి గోడకి తగిలించానా, ఆ తర్వాత ఏమైందో తెలుసా? గోడమీద బల్లులన్నీ వరసకట్టి కిటికీలోంచి దిగిపోయాయి. ముందు పెద్దవి, వెనక పిల్లలు. మా బావమరిది నెల ఉంటానని పెట్టే బేడా సర్దుకొచ్చాడు, కాఫీ చల్లారకముందే బస్సెక్కేశాడు."

"అప్పుడప్పుడూ ఆ బొమ్మ అరువు ఇస్తావా బాబాయ్? మా ఇంటికీ చుట్టాలొచ్చారు" అన్నాను.

"ఎగతాళి కాదురా. పట్టపగలు ఒక దొంగ దూరాడు మా ఇంట్లో. నేను మార్కెట్టునుంచి వచ్చేసరికి నడవాలో మఠం వేసుక్కూచుని ఏడుస్తున్నాడు. 'అయ్యా, నేను ఇప్పటిదాకా ఎత్తుకెళ్ళినవన్నీ ఎవరివి వాళ్ళకి ఇచ్చేస్తాను, ఆవిణ్ణి అటు తిరగమనండి' అని నా కాళ్ళు పట్టుకున్నాడు. ఇప్పుడు వాడు పోలీసు."

టీ కొట్టు అక్క గిన్నె పక్కన పెట్టి పమిటతో నోరు మూసుకుని నవ్వుతోంది. అమ్మాయీ నవ్వింది గానీ చేతి గడియారం చూసుకుంది. బాబాయి ఆ చూపు గమనించి ఇంకో టీ చెప్పాడు.

"ఇక సముద్రం అవతలనుంచి ఒక షావుకారొచ్చాడు. దయ్యాల బొమ్మలకి ఏకంగా మేడే కట్టించాడట. 'నా ఓడ ఇస్తాను, ఆ బొమ్మ ఇచ్చెయ్' అన్నాడు. 'ఓడ ఎక్కడ పెట్టుకోనయ్యా, మా సందులో సైకిలే పట్టదు' అన్నాను. అలిగి తిండి మానేశాడు. వీధి అరుగుమీద పడుకున్నాడు. చివరికి నేనే నాలుగు ముద్దలు తినిపించి, సముద్రం దాకా వెళ్ళి సాగనంపాను."

"సముద్రం దాకానా!" అంది అక్క.

"కొంచెం లోపలిదాకా కూడా. సరే, అది కాదు చెల్లెమ్మా. బొమ్మలో జుట్టు పెరగడం మొదలెట్టింది. ఫ్రేము దాటింది, గోడ దిగింది, వంటింట్లోకొచ్చింది. నేను కత్తిరించేవాణ్ణి, తెల్లారేసరికి మళ్ళీ ఇంత."

"నా పెద్ద కత్తెర అలా పోయిందన్నమాట" అన్నాను.

"ఉండరా, అసలుదింకా చెప్పలేదు. ఒకరోజు మధ్యాహ్నం నేను అన్నం తింటున్నాను. ఫ్రేములో తలుపుంది, గుమ్మముంది, మనిషి లేదు. వెనక్కి తిరిగి చూస్తే వంటింట్లో ఉంది. మొహం ఉంది. నేను బిగుసుకుపోయాను. మీద పడుతుందేమో, పీక పట్టుకుంటుందేమో అనుకున్నాను. ఏం చేసిందో తెలుసా? గిన్నెలవంక చూసి, 'ఇలాగేనా తోమేది?' అంది. గడ్డం గీసుకోమంది. కిటికీ దగ్గర స్టూలు వేసి, 'ఇలా కూచో, చెయ్యి పైకెత్తు, ఇంకాస్త, వేళ్ళు విడదియ్యి, కదలకు' అంది. నేను కదల్లేదు. చెయ్యి లాగేస్తున్నా కదల్లేదు. వెలుగు పోయేదాకా అలాగే..."

మేము నవ్వుతూనే ఉన్నాం. బాబాయి మాత్రం నవ్వట్లేదు. కుడిచెయ్యి పైకెత్తి, వేళ్ళు విడదీసి, గాలిలో అలాగే ఉంచేశాడు.

"నాన్నా, ఇక చాలు."

వెనక ఆయన కూతురు నిలబడుంది. ఆఫీసునుంచి నేరుగా వచ్చినట్టుంది, చెప్పులనిండా దుమ్ము. ఎప్పట్నుంచి వింటోందో తెలీదు.

"నువ్వెప్పుడొచ్చావమ్మా? కూచో, ఇదిగో ఈ అమ్మాయి..."

"ఆ బొమ్మ మన దగ్గర లేదు నాన్నా. ఎప్పుడూ లేదు. ఆవిడ ఎంతో దూరంనుంచి వచ్చారు. ఎంతసేపు కూచోబెడతావు?"

బాబాయి చెయ్యి మెల్లగా దిగింది.

కూతురు ఆ అమ్మాయివైపు తిరిగింది. "ఇంట్లో పెట్టె ఉన్నమాట నిజమే. అందులో అన్నీ వేరేవాళ్ళు గీసినవి. ఈ పేజీలోది మా అమ్మ గీసింది. కదలకుండా కూచోమని నాన్నకి చెప్పేది అమ్మే. తలుపు పట్టుకున్న ఈ చెయ్యి నాన్నదే."

నేను పేజీ చూశాను. బల్లమీద టీ గ్లాసు పక్కన ఉన్న చెయ్యి చూశాను. ఆ వెడల్పు గోళ్ళు, ఉబ్బిన కణుపులు అవే. ఇన్నేళ్ళూ మా ముందు ఆడుతున్న చెయ్యి.

ఆ తర్వాత సంగతి బాబాయి చెప్పాడు. కనుబొమలు కదలకుండా, అసలు ఎవరివంకా చూడకుండా చెప్పాడు.

పత్రికకి దయ్యాల బొమ్మలు వేసే పెద్దాయనకి చూపు పోయింది. ఉద్యోగం పోతే ఆయనకి వేరే దారి లేదు. అందుకని ఆయన పేరుతోనే బాబాయి భార్య గీసి పంపేది. మధ్యాహ్నం వంట పని అయ్యాక కిటికీ దగ్గర కూచుని గీసేది, బాబాయి సైకిలుమీద ప్రెస్సుకి పట్టుకెళ్ళేవాడు. ఆ పెద్దాయన పోయాక కూడా పేరు మార్చడానికి యజమాని ఒప్పుకోలేదు. ఆవిడ అట్ట వెనక మాత్రం సన్నగా పెన్సిలుతో తన పేరు రాసుకునేది. బ్లాకు అయ్యాక అట్టలన్నీ ప్రెస్సు వెనకగదిలో పడుండేవి.

"తనకి జబ్బు చేసి ఆస్పత్రిలో పెట్టాం. నేను వార్డులో ఉన్నాను. ఆ రోజుల్లోనే పత్రిక మూసేశారు. తను పోయాక ప్రెస్సుకి వెళ్తే గది తుడిచిపెట్టి ఉంది. చిత్తుకాగితాలవాడికి వేసేశారన్నారు. వాడి దగ్గరికి వెళ్ళాను. కాగితం మిల్లుకి వేశానన్నాడు. కొన్ని అట్టలు గట్టిగా ఉన్నాయని ఎవరో ఏరుకుపోయారని కూడా అన్నాడు. ఆ మాట పట్టుకునే తిరుగుతున్నాను. ఎక్కడ దయ్యాల బొమ్మ ఉందన్నా పరిగెత్తాను. అట్ట చేతికిస్తారు. చూడగానే తెలిసిపోతుంది, తన గీత కాదని. 'కాదు' అని తిరిగి ఇచ్చెయ్యలేకపోయేవాణ్ణి. తెచ్చుకునేవాణ్ణి."

"మరి నాకెందుకు ఉందని చెప్పారు సార్?" అమ్మాయి గొంతులో కోపం లేదు.

"బొమ్మకింద అసలు పేరు వేస్తామన్నారు కదమ్మా ఫోనులో. తన పేరు అచ్చులో ఎలా ఉంటుందో అనిపించింది. నోరు జారింది."

అమ్మాయి పేజీని దగ్గరికి లాక్కుంది. "అట్ట ఉంటే వెనక సంతకం చూపించి ఒప్పించేదాన్ని. అట్ట లేకుండా, పేజీలో ఉన్న పెద్దాయన పేరు తీసి ఇంకో పేరు వేస్తానంటే మా వాళ్ళు ఆధారం అడుగుతారు. పోనీ మీరు చెప్పినట్టు నేను రాయనా?"

బాబాయి నావైపు చూశాడు. "నేను చెప్పానంటే ఎవరు నమ్ముతారమ్మా? వీణ్ణి అడుగు."

నేను ఖాళీ గ్లాసులు అక్కకి అందించాను. టీ కొట్టు అక్క గ్లాసులు కడగడానికి అటు తిరిగిపోయింది.

అందరం వాళ్ళింటికి వెళ్ళాం. పెట్టె బరువని నన్నూ రమ్మన్నాడు. చిన్న గది, ఇనప మంచం, గోడ వారన ఉతికిన బట్టలు. నేనూ కూతురూ పెట్టె లాగాం. బాబాయి కింద కూచుని, గుడ్డలో చుట్టిన అట్టలు ఒక్కొక్కటే విప్పి అమ్మాయి చేతికిచ్చాడు. బావిలోంచి లేస్తున్న తల, చెట్టుకి వేలాడే చెప్పులు, పిల్లాడి మంచం పక్కన వంగిన నీడ. అంత భయంకరమైన బొమ్మల్ని అంత నెమ్మదిగా పట్టుకోవడం నేనెక్కడా చూడలేదు.

"ఇది ఎడమచేతి వాటం ఆయనది, గీతలు ఎటు వాలాయో చూడు. ఇది గీసినాయన తర్వాత గోడలకి సున్నాలు వేసుకుని బతికాడు. ఇది ఎవరిదో నాకు తెలీదు, మీరే కనుక్కోవాలి. అన్నీ తీసుకెళ్ళు. మళ్ళీ నాకు ఇవ్వక్కర్లేదు."

"నాన్నా, అన్నీ ఎందుకు? కొన్ని ఉంచుకో" అంది కూతురు.

"ఉంచుకుని ఏం చేస్తానే?" అని అమ్మాయివైపు తిరిగాడు. "పేర్లు మాత్రం పెద్దక్షరాల్లో వెయ్యమ్మా. చిన్నగా వేస్తే పెద్దవాళ్ళకి కనబడవు. వీళ్ళ ఇళ్ళల్లోనూ ఎవరో ఒకరు వెతుక్కుంటూ ఉంటారు."

కూతురు మొహం అటు తిప్పుకుంది. ఆ అమ్మాయి అట్టలన్నీ మళ్ళీ గుడ్డలో చుట్టి, రైలు టైమైపోతున్నా అక్కడే కూచుంది.

వానాకాలం వెళ్ళాక పుస్తకం పోస్టులో వచ్చింది. బాబాయి టీ కొట్టుకి తెచ్చి బల్లమీద పెట్టాడు. ప్రతి బొమ్మకిందా పేరు, దూరంనుంచి కూడా చదవొచ్చు. ఎవరిదో తెలియనిదాని కింద కూడా 'ఈ చిత్రకారుడు ఎవరో తెలిసినవారు తెలియజేయగలరు' అని రాశారు. గుమ్మం బొమ్మ కోసం నేను పేజీలన్నీ తిప్పాను. అది లేదు.

"వెయ్యలేదురా. ఆ అమ్మాయి ఫోను చేసి చెప్పింది. తప్పుపేరుతో వెయ్యడం కంటే వదిలేశాను సార్ అంది. మంచి పిల్ల" అన్నాడు బాబాయి.

అక్క టీ తెచ్చింది. ఆయన ఊదుకుంటూ కూచున్నాడు. కథ ఏమీ మొదలెట్టలేదు.

"బాబాయ్, పిన్ని ఎలా ఉండేది?"

ఆయన వెంటనే ఏదో చెప్పబోయాడు. కనుబొమలు పైకి లేచాయి. అంతలోనే ఆగిపోయాడు, కనుబొమలు దిగిపోయాయి. తల వంచుకుని పుస్తకం అట్టమీద బొటనవేలు పెట్టి మెల్లగా రుద్దాడు.

"అన్ని దయ్యాలు గీసేదా," అన్నాడు, "బొద్దింక కనబడితే కుర్చీ ఎక్కేసేదిరా. నేనొచ్చి దాన్ని తోలేదాకా దిగేది కాదు."

అంతకుమించి ఒక్క ముక్క కూడా కలపలేదు.