కదలని నీళ్లు

గ్రీన్‌లాండ్ కొండల నడుమ సరస్సు. ఎముకలు కొరికే చలే గానీ గాలి లేదు, నీళ్లు అద్దంలా పరుచుకున్నాయి. వేటకని బయలుదేరిన బావ కయాక్, ఒక్కరే పట్టే సన్నని పడవ, నడిమధ్యలో ఆగిపోతే, బావమరిది తన కయాక్‌ని పక్కకు తెచ్చాడు.

"ఏం బావా, అవతల రెయిన్‌డీర్ దుప్పుల మంద ఈదుకొస్తుంటే కునుకు తీస్తున్నావా?"

"కదల్లేకపోతున్నానురా. పడవలోకి నీళ్లొస్తున్నాయి. నడుం దాకా మంచులా ఉంది."

"చుక్క నీళ్లు లేవు. ఇటు చూడు."

"మెడ తిరగడం లేదు. ఏది నీళ్లో, ఏది ఆకాశమో తెలియడం లేదు. తెడ్డు ఎత్తానా, తిరగబడతాను."

"మా నాన్నకీ కదలని నీళ్ల మీద ఇలాగే భ్రమ పట్టేది. అల కనబడితే వదిలేస్తుంది. గాలి వచ్చేదాకా ఓర్చుకో."

"అందాకా ఆగలేను. ఒరిగిపోతున్నానురా!"

"అయితే తెడ్డుతో నీళ్లు కొట్టి అల లేపుతాను."

"వద్దు! మంద బెదిరి వెనక్కి పోతుంది. చలికాలమంతా పిల్లలేం తింటారు?"

"చేపలు తింటారు. అక్క నిన్ను తిడుతూ వండుతుంది."

తెడ్డు ఫట్టుమని నీళ్ల మీద పడింది. అలలు లేచాయి. మంద వెనుదిరిగింది.

"వేళ్లు కదిలాయిరా... ఇంటికెళ్లి ఏం చెబుదాం?"

"నేను తుమ్మానని చెప్పు. నా తుమ్ము సంగతి అక్కకి తెలుసు. ముందు తెడ్డు వెయ్యి."