పతకానికి సాక్షి

సైనిక రికార్డుల ఆఫీసు వరండాలో ఇద్దరు మాజీ సైనికులు, బావా బావమరుదులు, ఒకే బెంచీ మీద ఎడంగా కూర్చున్నారు.

“ఈ దరఖాస్తు మీద ఒక్క సాక్షి సంతకం పెట్టు బావా. నా రికార్డులో వదిలేసిన పతకం ఎక్కిస్తారట.”

“ఇప్పటికే రెండున్నాయిగా నీకు! నాకున్నది ఒక్కటి. ఇంకోటి గుచ్చుకుని నా పక్కన ఊరేగాలా?”

“నీ కడుపుమంట తర్వాత. ఆ పతకం దేనికి? ఆ రోజు యుద్ధంలో గాయపడ్డ నిన్ను నేను మోసుకొచ్చానా, లేదా?”

“మోశావు, కాదన్నానా? కానీ ఇంట్లో...”

“అక్కకేం చెప్పావు?”

“నేనే నిన్ను మోశానని. పెళ్ళిచూపుల్లో కోతలు కోశాను. అది విన్నాకే ఒప్పుకుంది.”

“తెలుసు. అందుకే ఇన్నేళ్ళూ ఈ పతకం ఊసెత్తలేదు.”

“మరి ఇప్పుడేం కొంప మునిగిందని?”

“చేతిరాత చూడు బావా. ఈ దరఖాస్తు రాసింది అక్కే.”