కదలని ముల్లు

బావమరిదికి తాను అమ్మిన పాత కారు నడిరోడ్డు మీద పొగలు కక్కి ఆగిపోయిందని తెలిసి, బావగారు ఏమీ ఎరగనట్టు మొహం పెట్టుకుని మెకానిక్ షెడ్డుకి వచ్చారు.

“ఏమైందయ్యా?”

“రేడియేటర్ ఫ్యాన్ తిరగలేదు సార్. దానికి కరెంటు అందించే రిలే కాలిపోయింది. నీళ్లు మరిగి మరిగి ఇంజన్ పట్టేసింది.”

“మరి వేడి చూపించే ముల్లు ఎదురుగానే ఉంటుంది కదా! మావాడు చూసుకోవద్దూ?”

“కదిలితే కదా సార్ చూసుకునేది! దాని వైరు ఎవరో పీకేసి, చివర టేపు చుట్టి, గొట్టం వెనకాల దాచిపెట్టారు.”

“ఎలకలు కొరికాయేమో.”

“ఎలకలు టేపు చుట్టవు సార్.”

బావగారు బానెట్ మీంచి చెయ్యి తీసేశారు. గొంతు తగ్గించారు.

“ఒక్క సాయం చెయ్యి బాబూ. వాడు వచ్చేలోపు ఆ వైరు తగిలించెయ్యి. వాడికి తెలియనివ్వకు.”

“ఆయన పొద్దున్నే వచ్చారు సార్. ఆ టేపు విప్పింది ఆయనే.”

“ఏమన్నాడు?”

“చెప్పొద్దన్నారు గానీ... ‘మా బావ దగ్గర ఈ మాట ఎత్తకు. నాకు తెలిసిపోయిందంటే మొహం చెల్లక మా గడప తొక్కడు, మా అక్కనీ పంపడు’ అన్నారు.”