‘ళ్లు’లో నిలబడినోళ్లు

హలో… ఆ, నేనే ఉమక్కా, వీరేష్‌ని. స్టూడియోలోనే ఉండా, చెప్పు.

…

తనకల్లులో ఫ్లెక్సీ కట్టేసినారా అప్పుడే? బాగొచ్చిందా?

…

కనపడలేదంటే… ఎవరు కనపడలేదు?

…

తనకల్లు ఆడోళ్లు ఒక్కరూ లేరా? ఉంటారక్కా. పన్నెండు నూర్లమందిని అనంతపురం స్టేడియంలో ‘నీళ్లు’ అని అక్షరాల మాదిరి నిలబెడితిమి. అంత పైనించి తీస్తే మనుషులు చీమలంత పడతారు. ఇంగొకసారి బాగా చూడమను—

…

ఎర్ర గొడుగా?

…

వింటాండా అక్కా. గోరంట్ల మాబున్నీసా గొడుగు ‘నీ’ కాడా ఉండాది, ‘ళ్లు’ చివరా ఉండాది… అవును. ఒక మనిషి రెండు చోట్ల ఎట్లుంటాది.

…

తిట్టు, గాని ఫోను పెట్టేయొద్దు. చెప్తా. నేనే అతికించినా, కంప్యూటర్లో. తనకల్లోళ్లు నిలబడిన ‘ళ్లు’ చివర నా ఫోటోలో పడలేదు. గోరంట్లోళ్లని కాపీ చేసి ఆడ పెట్టినా.

…

ఎందుకు పడలేదంటే… లెన్సు చాల్లేదు. నేను తీసకపోయింది పెండ్లిళ్లకు వాడే ఇరవై నాలుగు ఎం.ఎం. లెన్సు. నా కెమెరాలో సెన్సర్ చిన్నది. దాంట్లో అది ముప్పై ఎనిమిది మాదిరే చూపిస్తాది. ఎడల్పు రాదు.

…

తెలుసు… తెలిసే తీసకపోయినా. ఇంగో స్టూడియో కలీముల్లా అన్న ముందే చెప్పినాడు. ‘స్టేడియమంటే కల్యాణమండపం కాదప్పా. నా పది-పద్దెనిమిది ఎడల్పు లెన్సు తీసకపో. ముందురోజే మెట్లెక్కి చూసుకో’ అని. నలుగురి ముందర అన్నాడు. నాకు రోషమొచ్చె. ఇరవై ఏండ్లనుంచి ఫోటోలు తీస్తాండా, నాకు చెప్పొచ్చినావా అంటి.

…

లేదు, చూసుకోలేదు. పొద్దున పైమెట్టెక్కి కన్ను పెట్టినాకే ఎంత చాలదో తెలిసె. ఎనక్కి జరుగుదామంటే ఈపుకు గోడ. డ్రోన్‌కు పర్మిషన్ లేకపాయ. రెండు తునకలుగా తీసి కలిపినా సరిపోతాండె. ఆ గాబరాలో అదీ తోచలేదు.

…

అప్పుడే చెప్పుంటే బాగుండు… కింద నువ్వు మైకులో అడిగితివి కదా, ‘అందరూ పడినారా వీరేషూ’ అని. నేను… బొటనేలెత్తి చూపిస్తి.

…

అక్కా?… ఉండావా?

…

ఎవరికిస్తావు? నల్లమ్మవ్వకా? ఇప్పుడొద్దక్కా, నేనే తనకల్లుకొచ్చి—

…

అవ్వా… బాగుండావా.

…

అంతా వింటివా… ఆ. తప్పు నాదే.

…

అసలు ఫోటోలోనా? చూసినా అవ్వా, మూడుసార్లు చూసినా. అంచున ఎత్తిన చేయి ఒకటి పడింది. పచ్చ రవిక… నీదేనా… చేయి ఒకటే అవ్వా. మనిషి లేదు.

…

ఏమంటివి? మనవరాలికా?… ఎవరినో చూపించి ‘ఇదే నేను’ అంటివా.

…

నీకెందుకవ్వా సిగ్గు? సిగ్గుపడాల్సినోన్ని నేను. నావల్ల నువ్వు బిడ్డకాడ అబద్ధం చెప్పాల్సొచ్చె.

…

పాపకు నేనే చెప్పల్లా? చెప్తా. బేస్తవారం వచ్చి… ఇప్పుడేనా? అవ్వా, ఒక్క నిమిషం—

…

హలో… ఫోటో తీసినాయప్పను పాపా. నీ పేరేంది?… హేమావతి.

…

లేదు పాపా. ఎర్ర గొడుగు పక్కనుండేది మీ అవ్వ కాదు. మీ అవ్వ అనంతపురానికి వచ్చింది, ఎండలో రెండు గంటలు నిలబడింది, చేయెత్తింది. నేనే సరైన లెన్సు తీసకపోలేదు.

…

ఊ… నేను దొంగఫోటో చేసినా.

…

ఎందుకంటే… మంచి లెన్సు ఇంగొకాయప్ప దగ్గర ఉండె. అడిగేకి నామోషీ అయ్యె.

…

అడిగింటే ఏమయ్యేదా?

…

ఏమీ అయ్యేది కాదు పాపా. ఇచ్చేవాడు.

…

హలో?… హలో…