వేలికి కొలిచిన గంటు

ఆ కత్తి అక్కడ పెట్టి ముందు ఇలా కూర్చో అమ్మడూ. ఆ కుర్చీ వద్దు, దాని కాలొకటి ఊగుతుంది, పీట మీద కూర్చో. అదీ. ఏమన్నావు, మళ్ళీ చెప్పు, బతుకంతా సానరాయి పక్కన గడిపిన చెవి ఇది, సరిగ్గా వినపడి చావదు. గంటు తీసేయాలా? ఇదిగో, పిడి దాటగానే అంచు మొదట్లో ఎవరో కొరికినట్టు గుండ్రంగా ఉందే, ఇదేనా? నీ వేలు ఇందులో పట్టట్లేదు, ఆకుకూర కాడలు వచ్చి ఇందులోనే చిక్కుకుంటున్నాయి, హోటల్లో మీ పెద్ద వంటాయన కసురుకుంటున్నాడంటావు. ఇంకేం, అచ్చం నా మాటే అంటున్నావు! ఇదే మాట మీ తాతయ్యతో ఎన్నేళ్ళు అన్నానో. వింటేగా! నువ్వు ఆయన్ని చూడలేదు కదూ. నువ్వేంటి, మీ నాన్నకి మీసం కూడా రాకముందే పోయాడు. ఈ కత్తిని మీ నాన్న ఇన్నాళ్ళూ గుడ్డలో చుట్టి దాచి, నువ్వు వంటపనిలో చేరాక తీసిచ్చాడన్నమాట. పోనీలే, మంచి పని చేశాడు.

మా అన్నయ్యకి, అదే మీ తాతయ్యకి, మాట తక్కువ, మొండితనం ఎక్కువ. నాకు రెండూ ఎక్కువేనని మా అమ్మ తిట్టేది. కొట్లో ఆ పక్క ఆయన కొలిమి, ఈ పక్క నా సానరాయి. ఆయన కత్తి కొట్టి ఇస్తే నేను పదును పెట్టాలి. అప్పట్లో కత్తులన్నీ మా నాన్న పద్ధతే, పిడి దగ్గర్నుంచి కొన దాకా తిన్నగా అంచు, గంటూ గింటూ ఏమీ లేదు. మరి ఇదెలా వచ్చిందంటావా? మీ నానమ్మ వల్ల వచ్చింది. కాపురానికొచ్చిన కొత్తలో ఆవిడ కుర్చీలకు బెత్తం అల్లేది. ఇదిగో, ఇందాక నిన్ను కూర్చోవద్దన్న కుర్చీ కూడా ఆవిడ అల్లిందే, కాలు ఊగినా అల్లిక చూడు, ఎక్కడైనా సడలిందా? ఆ బెత్తాన్ని నీళ్ళలో నానబెట్టి సన్నగా చీల్చాలి. చేతులు తడి, పిడి నున్నన. ఒకరోజు చెయ్యి ముందుకి జారి చూపుడువేలు అంచు మీదకి వెళ్ళిపోయింది. అన్నయ్య పరుగున వచ్చి కట్టు కట్టాడు. ఆ పూట ముద్ద ముట్టలేదు. మర్నాడు కొత్త కత్తి ఒకటి కొట్టి, ఇనుము ఇంకా మెత్తగా ఉండగానే ఆకురాయి తీసుకుని అంచు మొదట్లో రుద్దడం మొదలెట్టాడు. నాకు ప్రాణం ఉసూరుమంది. "ఏంటన్నయ్యా, బంగారం లాంటి అంచుని అరగదీసేస్తున్నావు?" అన్నాను. తలెత్తకుండానే "వేలికి చోటు చేస్తున్నానురా" అన్నాడు. అంతే, అదే ఇది.

గంటులో మంచి లేదని నేననను. వేలు అందులో కూర్చుంటే ముందుకి జారదు. కత్తి చేతికి దగ్గరగా వస్తుంది, సన్నపనికి చెప్పినట్టు వింటుంది. సాన పట్టేటప్పుడు రాయి పోయి పిడికి తగలదు, నాకూ సుఖమే. ఇదంతా ఇప్పుడు నీతో అంటున్నాను గానీ ఆయన ముందు ఒప్పుకుంటే ఒట్టు! నేను చెప్పేవన్నీ రెండో వైపువే. అంత మేర అంచు పోయింది కదా అనేవాణ్ణి. పీచు చిక్కుకుంటుంది, తొక్క చిక్కుకుంటుంది, వేలు పోయి పదునుకి మరీ దగ్గరగా కూర్చుంటుంది, పరాకుగా ఉన్నవాడి గతేంటి అనేవాణ్ణి. మీ నానమ్మ లోపల్నుంచి, "పీచు చిక్కుకుంటే నేను తీసుకుంటాలే మరిదీ, నా వేలైతే తెగట్లేదుగా" అనేది. ఇద్దరూ ఒకటే జట్టు, నేనెక్కడ నెగ్గుతాను!

ఆ తర్వాత కొనేవాళ్ళందరి కత్తులకీ గంటు పెట్టడం మొదలెట్టాడు. అన్నిటికన్నా నాకు కోపమొచ్చేది ఏంటంటే, ఆయన గంటుని అందరికీ ఒకే కొలతలో పెట్టడు. వచ్చినవాడి చేత మైనం ముద్దలో వేలు నొక్కించేవాడు. ఆ గుంట చూసుకుని గంటు తీసేవాడు. చెప్పుల కొలత నయం! మాంసం కొట్టాయన ఉండేవాడు, తొందరయ్య అనేవాళ్ళం, నిలబడి నీళ్ళు తాగే తీరిక కూడా ఉండదు మనిషికి. "ఎవరి వేలైతే ఏంటయ్యా" అని కొలతకి బామ్మర్దిని పంపాడు. అతనిదేమో పుల్లలాంటి వేలు. కత్తి తీసుకెళ్ళి చూసుకుంటే తొందరయ్య వేలు అందులో దూరదు. లబోదిబోమంటూ వచ్చాడు. "వచ్చిన వేలికి చేశాను, రాని వేలు నాకేం తెలుసు" అన్నాడు అన్నయ్య, తాపీగా. ఇక ఆ కత్తితో బామ్మర్దే నిలబడి కొట్టాల్సి వచ్చింది. చెయ్యి మంచిదని జనం అతని దగ్గరికే వచ్చేవాళ్ళు. తొందరయ్య పక్కన కూర్చుని ఈగలు తోలుకోవాల్సొచ్చింది. నవ్వకు, నిజం!

ఇంతకీ నేను అనేదేంటంటే, ఒకరి వేలికి చేస్తే ఆ మనిషి పోయాక కత్తి ఏం కావాలి? మామూలు కత్తి ఎవరి చేతికైనా వస్తుంది కదా. దీని మీదే మాకు రోజూ గొడవ. అదలా ఉండగానే మీ నానమ్మ ముందు పోయింది. జ్వరమన్నారు, అంతలోనే... సరే, అది వద్దులే. ఈ కత్తి గోడ మేకుకి వేలాడేది. మా ఆవిడ ఒకసారి తీసుకుని చూసింది, వేలు పట్టలేదు, మళ్ళీ తగిలించేసింది. అన్నయ్య పొద్దున్నే నూనె గుడ్డతో తుడిచి అక్కడే పెట్టేవాడు. సుత్తి ఎత్తే ఓపిక పోయిందాయనకి. ఒకరోజు తుడుస్తూ తుడుస్తూ, "నువ్వన్నదే నిజంరా. ఇది ఇంక ఎవరి చేతికీ రాదు" అన్నాడు.

చూడు తల్లీ, ఆయన మీద నేను నెగ్గిన వాదన అదొక్కటే. నెగ్గి ఏం చేసుకోను? నేనే, ఈ నోటితోనే, ఆ గంటు తరఫున మాట్లాడాను. "ఎందుకు రాదన్నయ్యా, వస్తుంది. గంటు చిన్నదైతే పెద్దది చేసుకోవచ్చు. అసలు చోటు నువ్వు చేసి పెట్టావుగా" అన్నాను. నా మొహంలోకి చూశాడు. "అయితే వచ్చిన వేలికి నువ్వు సర్దుతావా?" అన్నాడు. సర్దుతానన్నాను. నవ్వి మేకుకి తగిలించాడు. ఆ చలికాలం దాటలేదు మనిషి.

ఇప్పుడు నువ్వొచ్చి తీసేయమంటున్నావు. తీసేయాలంటే ఆ గంటు లోతు దాకా అంచు మొత్తం అరగదీయాలి. మిగిలేది ఈనెపుల్ల, దానితో ఏం కోస్తావు? పోనీ, కాడలు ఎందుకు చిక్కుకుంటున్నాయో చూశావా? గంటు నోరు ఇరుకు, మీ నానమ్మ వేలు సన్నం మరి. నోరు కాస్త వెడల్పు చేసి మూలలు నున్నగా చేస్తే ఏదీ చిక్కదు, జారిపోతుంది. మీ వంటాయన కసిరితే నా దగ్గరికి పంపు. ఏమంటావు? ఊఁ అన్నావుగా. సరే, ఆ కిటికీ రెక్క తియ్యి, వెలుతురు చాలట్లేదు. ఆ డబ్బాలో మైనం ఉంటుంది, ఇలా అందుకో. ఆ, వేలు పెట్టు. ఆ వేలు కాదు, చూపుడువేలు. నొక్కు. తియ్యకు, ఇంకాసేపు అలాగే ఉంచు. మైనం గట్టిపడాలి.